పాలు విరిగాయి, మిల్క్ విరిగింది: ఇంగ్లిష్ నౌన్లను గుర్తుపట్టడం ఎలా

"ద మిల్క్ ఆర్ స్పాయిల్డ్."

మా అరుగు మీద ట్యూషన్‌కి వచ్చే ఆరో తరగతి అమ్మాయి ఒక సాయంత్రం నోట్‌బుక్‌లో ఇలా రాసింది. నేను 'ఆర్' కొట్టేసి పైన 'ఈజ్' అని రాశాను. పిల్ల మాత్రం పుస్తకం వెనక్కి తీసుకోలేదు. "పాలు విరిగిపోయాయి అంటాం కదా మేష్టారూ, విరిగిపోయింది అనం కదా. మరి 'ఆర్' ఎందుకు తప్పు?" అంది. పక్కన కూర్చున్న ఒడియా ఇంటి కుర్రాడు అదే వాక్యం 'ఈజ్' పెట్టి సరిగ్గానే రాశాడు. అలాగని వాడికి వ్యాకరణం ఎక్కువ వచ్చని చెప్పలేం. వాళ్ల భాషలో పాలు 'దుధొ', ఏకవచనం. 'దుధొ అఛి' అంటారు, మన మాటల్లో పెడితే 'పాలు ఉంది' అన్నట్టు. ఇంట్లో మాట్లాడినట్టే రాశాడు, ఒప్పయింది. మా అమ్మాయీ ఇంట్లో మాట్లాడినట్టే రాసింది, తప్పయింది.

పర్లాకిమిడిలో ఇంగ్లిష్ చెప్పేవాళ్లకి ఇలాంటి సంగతులు రోజూ ఎదురవుతాయి. మహేంద్రతనయ ఏరు దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఇటువైపు మాది ఒడిశా, గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పరీక్షలో ఇంగ్లిష్. మా పిల్లలు నౌన్ అనే ఒక్క సంగతినే మూడు పేర్లతో నేర్చుకుంటారు. ఇంట్లో అమ్మ నామవాచకం అంటుంది. ఒడియా పుస్తకం విశేష్య అంటుంది. ఇంగ్లిష్ టీచరు నౌన్ అంటారు. ఇందులో ఒక చిన్న గొయ్యి ఉంది. ఒడియాలో విశేష్య అంటే నౌన్, విశేషణ అంటే అడ్జెక్టివ్. రెండు మాటలూ దగ్గరదగ్గరగా వినిపిస్తాయి కాబట్టి చిన్న పిల్లలు ఒకదాని బదులు ఇంకొకటి రాసేస్తుంటారు. తెలుగులోనూ ఈ రెండు మాటలూ ఉన్నాయి, అవే అర్థాలతో. 'ఎర్ర చీర'లో చీర విశేష్యం, ఎర్ర విశేషణం. ఇంట్లో ఒకసారి ఈ ఉదాహరణ చెప్పిస్తే ఆ తికమక అక్కడితో పోతుంది.

ఇక అసలు చిక్కుకి వద్దాం.

ఐదు డబ్బాల పాఠం

మన బళ్లలో నౌన్లు ఐదు రకాలని చెబుతారు. ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్. పిల్లలు ఐదూ కంఠస్థం చేస్తారు, ఒక్కోదానికి రెండేసి ఉదాహరణలు రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ తర్వాత కూడా 'ద మిల్క్ ఆర్' అనే రాస్తారు. మిల్క్ మెటీరియల్ నౌన్ అని మా అమ్మాయికి తెలుసు. అడిగితే ఠక్కున చెప్పింది. కానీ ఆ పేరు తెలిసినందువల్ల 'ఈజ్' పెట్టాలో 'ఆర్' పెట్టాలో తేలలేదు.

ఈ ఐదు డబ్బాలూ ఒకే రకం ప్రశ్నకి జవాబులు కాకపోవడం వల్ల ఈ ఇబ్బంది. ప్రాపరా కామనా అన్నది ఒక ప్రశ్న: ఈ మాట ఒక్కరి పేరా, ఆ జాతి అంతటికీ చెల్లే మాటా? మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్ అన్నవి ఆ వస్తువు ఎలాంటిదో చెబుతాయి: చేత్తో ముట్టుకోగలమా, మనసుతో మాత్రమే తెలుసుకోగలమా? కలెక్టివ్ అన్నది గుంపు సంగతి. వీటిని ఒకే వరుసలో నిలబెట్టడం ఎలా ఉంటుందంటే, ఒక బస్సులో జనాన్ని ఆడవాళ్లు, రైతులు, పొడుగువాళ్లు, గుణుపురం టికెట్టు వాళ్లు అని విడదీసినట్టు ఉంటుంది. పొడుగ్గా ఉన్న ఆడ రైతు గుణుపురం వెళ్తుంటే ఎక్కడ కూర్చోబెడతాం?

ఈ రోజుల్లో వచ్చే మంచి ఇంగ్లిష్ వ్యాకరణాల్లో మెటీరియల్ నౌన్ అన్న పేరు పెద్దగా కనిపించదు. అవి ముందు ప్రాపర్, కామన్ అని విడదీస్తాయి. తర్వాత కామన్‌ని కౌంటబుల్ (లెక్కకి వచ్చేది), అన్‌కౌంటబుల్ (లెక్కకి రానిది) అని విడదీస్తాయి. ఈ రెండో గీతే ఇంగ్లిష్‌కి ప్రాణం. 'ఎ' పెట్టాలా వద్దా, చివర 'ఎస్' చేరుతుందా లేదా, 'మెనీ'యా 'మచ్'ఆ, 'ఈజ్'ఆ 'ఆర్'ఆ, అన్నీ ఆ గీత దగ్గరే తేలతాయి. మన ఐదు డబ్బాల పాఠంలో ఆ గీత ఎక్కడో అడుగున పడిపోయింది.

ఏ భాష గీత ఆ భాషది

ప్రతి భాషా నామవాచకాల మధ్య ఎక్కడో ఒక చోట గట్టి గీత గీసుకుంటుంది. తెలుగు గీత ఎక్కడుందో మనం రోజూ మాట్లాడుతూ కూడా గమనించం. 'ముగ్గురు పిల్లలు' అంటాం, 'మూడు పుస్తకాలు' అంటాం. 'మూడు పిల్లలు' అంటే చెవికి గుచ్చుకుంటుంది. 'వాళ్లు వచ్చారు', 'ఆవులు వచ్చాయి'. అంటే బహువచనంలో మనకి ముఖ్యమైన తేడా మనుషులా, మనుషులు కానివా అన్నది. ఏకవచనంలో గీత కొంచెం జరుగుతుంది. 'అతను వచ్చాడు' ఒక పక్క, 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' ఇంకో పక్క. మన వ్యాకరణాలు మహత్తు, అమహత్తు అని చెప్పేది దీన్ని గురించే.

ఒడియాలో ఈ బాధ లేదు. 'సె ఆసిలా' అంటే అతను వచ్చినా అదే, ఆమె వచ్చినా అదే. కానీ ఒడియాకి ఇంకో సొగసు ఉంది. 'గఛొ' అంటే చెట్టు, 'గఛటి' అంటే ఫలానా ఆ చెట్టు, ఒక్కటి. చివరి 'టి' ఇంగ్లిష్ 'ద' చేసే పనిలో సగం చేసేస్తుంది. అందుకే మా ఊళ్లో ఒడియా బాగా వచ్చిన తెలుగు పిల్లలకి నేను 'ద' గురించి చెప్పేటప్పుడు 'గఛటి' గుర్తుచేస్తాను. తెలుగులో దానికి సరిసమానమైనది లేదు. ఇక్కడ ఒడియా సాయానికి వస్తుంది, సిగ్గుపడకుండా వాడుకోవాలి.

ఇంగ్లిష్ క్రియ మగ, ఆడ చూడదు. మనిషా వస్తువా అన్నదీ 'హూ', 'విచ్' లాంటి కొన్ని చోట్లే అడుగుతుంది. అది అడిగే పెద్ద ప్రశ్న ఒకటే: దీన్ని ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నావా, మొత్తంగా ఒక రాశిలా చూస్తున్నావా?

1880లో ఈ ఊరి రాజావారి బళ్లో టీచరుగా చేరిన గిడుగు వెంకట రామమూర్తి గారు ఇక్కడి కొండల్లో సవరల భాష విని, నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. సవర భాషని తెలుగు చట్రంలో కూర్చోబెట్టి కొలిస్తే ఆ పని అయ్యేది కాదు. ఆ భాష తనలో తాను ఎలా నడుస్తుందో వినాల్సిందే. ఇంగ్లిష్‌ని కూడా అలాగే వినాలని నా నమ్మకం. మన పాఠాల్లో ఇంకా మిగిలిన డబ్బాలు చాలావరకు లాటిన్ నుంచి వచ్చిన అలవాట్లు. పాతకాలపు ఇంగ్లిష్ వ్యాకరణాల్లో అడ్జెక్టివ్‌ని కూడా నౌన్లలోనే కలిపి, నౌన్ సబ్‌స్టాంటివ్, నౌన్ అడ్జెక్టివ్ అని రెండుగా చెప్పేవాళ్లు. లాటిన్‌లో రెండూ ఒకేలా విభక్తులు మార్చుకుంటాయి కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. ఇంగ్లిష్‌లో అలా కలిపి ఉంచాల్సిన అవసరం లేదని తర్వాత తెలిసింది.

లెక్క వస్తువుది కాదు, మాటది

ఇప్పుడు పాల దగ్గరికి వద్దాం. తెలుగులో కొన్ని రాశి మాటలు పుట్టుకతోనే బహువచనాలు. పాలు, నీళ్లు, వడ్లు. 'బియ్యం' చూడ్డానికి ఏకవచనంలా ఉంటుంది, కానీ 'బియ్యం ఉన్నాయా?' అనే అడుగుతాం. అదే బియ్యం ఉడికి అన్నమయ్యేసరికి 'అన్నం ఉందా?' అంటాం. గిన్నెలో పడిన గింజలు అవే, పొయ్యి దిగేసరికి బహువచనం కాస్తా ఏకవచనం అయిపోయింది. ఇంగ్లిష్‌లో బియ్యమూ 'రైస్', అన్నమూ 'రైస్', రెండూ అన్‌కౌంటబుల్. వడ్లు 'ప్యాడీ', అదీ అంతే. ఈ వరుస మొత్తం 'ఈజ్' పక్కన నిలబడుతుంది.

పిల్లలు వెంటనే అడుగుతారు: బియ్యం గింజలు లెక్కపెట్టొచ్చు కదా, మరి కౌంటబుల్ ఎందుకు కాదు? ఓపిగ్గా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. లెక్కపెట్టడం సాధ్యమా అని ఇంగ్లిష్ అడగడం లేదు. ఆ మాటని ఏ రూపంలో కట్టారని అడుగుతోంది. దీనికి డబ్బు కంటే మంచి సాక్ష్యం లేదు. లోకంలో మనుషులు ఎక్కువగా లెక్కపెట్టేది డబ్బే. అయినా 'మనీ' అన్‌కౌంటబుల్. 'త్రీ మనీస్' అనం. లెక్క రూపాయల మీద పడుతుంది, అందుకే 'రూపీ' కౌంటబుల్. తెలుగులో 'డబ్బులు ఉన్నాయి' కాబట్టి మన పిల్లలు 'మనీ ఆర్ దేర్' అంటారు. 'మనీ ఈజ్' అని పదిసార్లు నోటితో అనిపించాలి, వేరే దారి లేదు.

ఇంగ్లిష్ కూడా ఇందులో ఎప్పుడూ ఒక నియమానికి కట్టుబడి ఉండదు. గోధుమలు 'వీట్', అన్‌కౌంటబుల్. ఓట్స్ మాత్రం బహువచనం. రెండూ గింజలే, దాదాపు ఒకే సైజు. కారణం వెతకడం కంటే మాటని దాని నడకతో సహా నేర్చుకోవడం మేలు. మన వైపు బాగా తెలిసిన సరుకు తీసుకుందాం. పలాస జీడిపప్పు. తెలుగులో 'జీడిపప్పు ఉంది', ఏకవచనం. ఇంగ్లిష్‌లో 'క్యాష్యూస్ ఆర్', బహువచనం. పాల విషయంలో మనం బహువచనం, వాళ్లు ఏకవచనం. జీడిపప్పు దగ్గర తిరగబడింది. నీళ్లు 'వాటర్', అన్‌కౌంటబుల్. కన్నీళ్లు మాత్రం 'టియర్స్', ఒక్కో బొట్టుగా లెక్కకి వస్తాయి.

ఈ గందరగోళం మన ఒక్కళ్లదే అనుకోనక్కర్లేదు. ఇంగ్లిష్ వాళ్లే ఒకప్పుడు ఇందులో పడ్డారు, పడి తమ భాషనే మార్చుకున్నారు. బఠాణీలకి వాళ్ల పాత మాట 'పీజ్'. అది ఏకవచనమే, రాశి మాటలా కూడా వాడేవాళ్లు. చివర 'జ్' శబ్దం వినిపించేసరికి జనం దాన్ని బహువచనం అనుకున్నారు. 17వ శతాబ్దం వచ్చేసరికి ఆ 'జ్' తీసేసి 'పీ' అనే కొత్త ఏకవచనం తయారుచేశారు. ఇప్పుడు 'వన్ పీ, టూ పీజ్' అంటున్నారు. చెర్రీ కథ కూడా ఇదే. ఫ్రెంచి వైపు నుంచి వచ్చిన 'చెరీజ్' లాంటి మాట చివర్ని బహువచన ప్రత్యయం అనుకుని కోసేశారు. మా అమ్మాయి 'పాలు' చివరి 'లు'ని చూసి 'ఆర్' పెట్టింది. ఆ పాతకాలపు ఇంగ్లిష్ రైతులు చేసిన పనే అది. తేడా ఒక్కటే, వాళ్ల తప్పు భాషగా నిలిచిపోయింది.

దీనికి ఎదురుగా ఇంకో రకం ఉంది. 'న్యూస్' చివర 'ఎస్' ఉంది, తెలుగులో 'వార్తలు' బహువచనం. రెండు వైపుల నుంచీ పిల్లల్ని 'ఆర్' వైపే తోస్తుంది. కానీ 'ద న్యూస్ ఈజ్'. కొన్ని శతాబ్దాల కిందట ఇంగ్లిష్ వాళ్లు కూడా దీన్ని బహువచనంగా వాడేవాళ్లు, క్రమంగా ఏకవచనానికి స్థిరపడింది. 'మ్యాథమేటిక్స్', 'ఎకనామిక్స్', 'మీజిల్స్' అలాంటివే. 'మీజిల్స్' అంటే తట్టు. చివర 'ఎస్' చూసి మోసపోకూడదు. కత్తెర, కళ్లజోడు, ప్యాంటు మనకి ఒక్కటే. ఇంగ్లిష్‌కి 'సిజర్స్', 'స్పెక్టకిల్స్', 'ట్రౌజర్స్', రెండు భాగాలున్నవి కాబట్టి బహువచనం. 'మై స్పెక్టకిల్స్ ఆర్' అనాలి.

దరఖాస్తుల్లో, ఇంటర్వ్యూల్లో మనవాళ్లని ఎక్కువగా పట్టిచ్చే మాటలు ఇంకో గుంపు. సలహాలు, సామాన్లు, వివరాలు, పరికరాలు మనకి బహువచనాలు కదా అని 'అడ్వైసెస్', 'లగేజెస్', 'ఇన్ఫర్మేషన్స్', 'ఎక్విప్‌మెంట్స్' అని రాస్తారు. 'ఫర్నిచర్స్', 'హోమ్‌వర్క్స్' కూడా వింటుంటాం. ఇవన్నీ అన్‌కౌంటబుల్. 'ఎస్' ఒక్కదానికీ చేరదు. వీటి ముందు 'ఎ', 'యాన్' కూడా రావు. 'యాన్ ఇన్ఫర్మేషన్' అన్న మాట ఆఫీసు కాగితాల్లో చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అది రాసినవాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు. ఎవరూ వాళ్లకి ఆ ఒక్క గీత చూపించలేదు, అంతే.

గ్లాసుడు, చెంబెడు, దోసెడు

మరి లెక్కకి రాని దాన్ని లెక్కపెట్టాల్సి వస్తే? ఇక్కడ మన భాష దగ్గర చక్కని పనిముట్టు ఉంది. మా అమ్మమ్మ బియ్యం పోసేటప్పుడు 'గిద్దెడు, సోలెడు, తవ్వెడు' అని కొలిచేది. గ్లాసుడు నీళ్లు, చెంబెడు మజ్జిగ, గుప్పెడు అటుకులు, దోసెడు మల్లెపూలు, గంపెడు ఆశ. పాత్ర పేరుకి 'ఎడు' తగిలిస్తే చాలు, రాశి కాస్తా ఒక కొలత అయిపోతుంది. ఇంగ్లిష్‌లో 'ఎ గ్లాస్ ఆఫ్ వాటర్', 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ రైస్' చేసే పని సరిగ్గా ఇదే. 'హ్యాండ్‌ఫుల్' చూడండి, గుప్పెడుకి తోబుట్టువులా లేదూ?

అలా కట్టినప్పుడు లెక్క గ్లాసు మీద పడుతుంది, నీళ్ల మీద కాదు. 'టూ గ్లాసెస్ ఆఫ్ వాటర్'. 'వాటర్' కదలదు. 'త్రీ కిలోస్ ఆఫ్ రైస్', 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్', 'టూ పీసెస్ ఆఫ్ లగేజ్'. సలహాకి, సామానుకి పాత్ర లేదు కాబట్టి ఇంగ్లిష్ 'పీస్' అనే ఉత్త ముక్కని పాత్రగా ఇచ్చింది. ఇంత చెప్పాక మా అమ్మాయి తనంతట తనే రాసింది: 'టూ గ్లాసెస్ ఆఫ్ మిల్క్ ఆర్ ఆన్ ద టేబుల్.' ఇక్కడ 'ఆర్' ఒప్పు, గ్లాసులు రెండు కాబట్టి.

మాట ఏ వైపుదో తెలియనప్పుడు దాన్ని మూడు చోట్ల నిలబెట్టి చూడండి. 'ఎ' పక్కన నిలబడుతుందా? 'టూ' పక్కన 'ఎస్' తగిలించుకుని నిలబడుతుందా? 'మెనీ' వస్తుందా, 'మచ్' వస్తుందా? 'ఎ బుక్, టూ బుక్స్, మెనీ బుక్స్' సాఫీగా సాగింది, కౌంటబుల్. 'మచ్ రైస్' సరే, 'మెనీ రైస్' కుదరదు, అన్‌కౌంటబుల్. 'ద', 'సమ్' అనే మాటలతో పరీక్ష పెట్టకండి. అవి రెండు వైపులా కూర్చుంటాయి, ఏమీ చెప్పవు.

ఊరి పేరు, ఏటి పేరు

ప్రాపర్ నౌన్ తేలికని అందరూ అనుకుంటారు. పెద్ద అక్షరంతో మొదలైతే ప్రాపర్, అంతే కదా అంటారు. కానీ తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు, ఒడియాలో లేవు. మన చేతికి ఆ అలవాటు లేదు. పిల్లలు 'పర్లాకిమిడి'ని ఇంగ్లిష్‌లో చిన్న 'పి'తో రాసేది అజాగ్రత్త వల్ల అనుకోను. చిన్నప్పటి నుంచి ఏ పేరుకీ అలాంటి కిరీటం పెట్టి ఎరగరు.

పెద్ద అక్షరం గుర్తు మాత్రమే, కారణం వేరు. జర్మన్‌లో ప్రతి నౌనూ పెద్ద అక్షరంతోనే మొదలవుతుంది, కుర్చీ అయినా సరే. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ పుస్తకాల్లో కూడా మామూలు నౌన్లకి పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. అసలు ప్రశ్న: ఈ మాట ఒక్కదాన్ని వేలు పెట్టి చూపిస్తోందా? 'టౌన్' ఏ ఊరికైనా చెల్లుతుంది. పర్లాకిమిడి ఒక్కటే. ఆ ఒక్కదానికీ బ్రిటిష్ వాళ్ల కాలం స్పెల్లింగు ఒకటి, ఒడియా పలుకుబడికి తగిన స్పెల్లింగు ఒకటి ఉన్నాయి. మా రాష్ట్రం పేరు కూడా అంతే. 1936 ఏప్రిల్ 1న 'ఒరిస్సా' పేరుతో ఏర్పడిన ఈ రాష్ట్రానికి ఇంగ్లిష్‌లో 'ఒడిశా' అన్న స్పెల్లింగు 2011లో చట్టం ద్వారా వచ్చింది. స్పెల్లింగు ఎన్నిసార్లు మారినా చూపించే చోటు ఒక్కటే అయినంతకాలం అది ప్రాపర్ నౌనే.

'మదర్' మీద ఈ పరీక్ష పెట్టి చూడండి. 'మై మదర్ ఈజ్ ఎట్ హోమ్' అన్నప్పుడు చిన్న 'ఎమ్'. ఎవరికైనా తల్లి ఉంటుంది, మాట సామాన్యం. 'మదర్ ఈజ్ ఎట్ హోమ్' అని ముందు ఏమీ లేకుండా అంటే పెద్ద 'ఎమ్'. ఇప్పుడది పిలుపు పేరులా పనిచేస్తోంది. ఎదురు దారిలో వచ్చేవీ ఉన్నాయి. 'అవర్ టౌన్ నీడ్స్ అనదర్ గిడుగు' అంటే మన ఊరికి ఇంకో గిడుగు కావాలి. ఇక్కడ 'గిడుగు' అంటే అలాంటి మనిషి. పెద్ద అక్షరం అలాగే ఉంది, పని మాత్రం కామన్ నౌన్ పని.

ఊళ్ల ముందు 'ద' రాదు, ఏటి ముందు వస్తుంది: 'ద మహేంద్రతనయ'. ఒక్క కొండకి రాదు, 'మహేంద్రగిరి'. కొండల వరసకి వస్తుంది, 'ద ఈస్టర్న్ ఘాట్స్'. సరస్సుకి రాదు, 'చిలికా లేక్'. సముద్రానికి వస్తుంది, 'ద బే ఆఫ్ బెంగాల్'. మా పిల్లలకి దీన్ని మ్యాపు మీద వేలు పెట్టించి చెప్పిస్తాను. కొండ నుంచి ఏటి వెంట సముద్రం దాకా వెళ్లేసరికి నియమం నోటికి వచ్చేస్తుంది.

కలెక్టివ్ నౌన్ల గురించి ఎక్కువ చెప్పను. సింహాల గుంపుకి ఏమంటారు, చేపల గుంపుకి ఏమంటారు అని పట్టికలు బట్టీ పెట్టించడం వల్ల పెద్ద ఉపయోగం లేదు. తెలుసుకోవాల్సింది రెండే. ఒకటి, గుంపు పేరు మామూలు కౌంటబుల్ మాటే: 'ఎ టీమ్, టూ టీమ్స్'. రెండు, 'ద టీమ్ ఈజ్' అనాలా, 'ఆర్' అనాలా అన్నది. అమెరికన్లు దాదాపు ఎప్పుడూ 'ఈజ్' అంటారు. బ్రిటిష్ వాళ్లు జట్టును ఒక్కటిగా చూస్తే 'ఈజ్', అందులో మనుషుల్ని చూస్తే 'ఆర్'. 'పోలీస్', 'పీపుల్', 'క్యాటిల్' మాత్రం ఎప్పుడూ 'ఆర్'. ఇక్కడ తెలుగు మనకి తోడుంది. 'జనం' రూపంలో ఏకవచనం, అయినా 'జనం వచ్చారు' అంటాం. 'పీపుల్ ఆర్' కూడా అదే సూత్రం.

తనం, రికం, డం

ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్ అంటే కళ్లకి కనిపించనిది అని చెప్పి వదిలేస్తారు. గాలి కూడా కనిపించదు, అది ఆబ్‌స్ట్రాక్ట్ కాదు కదా. తెలుగు పిల్లలకి దీనికంటే సుళువైన దారి వాళ్ల నోట్లోనే ఉంది. మంచి, మంచితనం. చిన్న, చిన్నతనం. పేద, పేదరికం. పెద్ద, పెద్దరికం. సమానం, సమానత్వం. గుణం చెప్పే మాటకి తోక తగిలిస్తే ఆ గుణమే ఒక వస్తువులా నిలబడుతుంది. ఇంగ్లిష్ చేసేదీ అదే: 'కైండ్, కైండ్‌నెస్', 'చైల్డ్, చైల్డ్‌హుడ్', 'ఫ్రెండ్, ఫ్రెండ్‌షిప్', 'ఈక్వల్, ఈక్వాలిటీ'. 'ఆనెస్ట్' అడ్జెక్టివ్, 'ఆనెస్టీ' నౌన్. పరీక్షలో 'హీ ఈజ్ ఆనెస్టీ' అని రాసే పిల్లాణ్ని 'వాడు నిజాయితీ అంటామా, నిజాయితీపరుడు అంటామా?' అని అడిగితే చాలు, వాడే దిద్దుకుంటాడు.

పని పేరు కూడా నౌన్ అవుతుంది. 'చదవడం మంచిది' అన్నప్పుడు చదవడం పేరులా కూర్చుంది. ఒడియాలో 'పఢిబా' అలాంటిదే. ఇంగ్లిష్‌లో 'రీడింగ్ ఈజ్ గుడ్'. చివర 'ఇంగ్' చూడగానే వెర్బ్ అని రాసేయకుండా, అక్కడ 'చదవడం' పెడితే అతుకుతుందా, 'చదువుతోంది' పెడితే అతుకుతుందా చూడాలి. 'షీ ఈజ్ రీడింగ్'లో 'చదువుతోంది', కాబట్టి వెర్బ్. 'షీ లైక్స్ రీడింగ్'లో 'చదవడం', కాబట్టి నౌన్ పని.

ఒకే మాట రెండు కొలువులు చేయడం ఇంగ్లిష్‌లో మామూలే. 'వాటర్' నౌన్, 'వాటర్ ద ప్లాంట్స్'లో వెర్బ్. 'తెలుగు ఈజ్ మై మదర్ టంగ్'లో 'తెలుగు' నౌన్, 'తెలుగు మీడియం'లో మీడియం ఎలాంటిదో చెప్పే పనిలో ఉంది. అందుకే మాటని ఒంటరిగా రాసి 'ఇది ఏ నౌన్?' అని అడిగే ప్రశ్నపత్రాలంటే నాకు కోపం. వాక్యం ఇవ్వకుండా అడిగితే బాగా ఆలోచించే పిల్లే ఎక్కువ ఇబ్బంది పడుతుంది.

కౌంటబుల్ గీత కూడా ఒక్కో మాటని మధ్యలో కోసుకుంటూ వెళ్తుంది. 'గ్లాస్' అంటే గాజు, 'ఎ గ్లాస్' అంటే గ్లాసు. 'ఐరన్' ఇనుము, 'యాన్ ఐరన్' ఇస్త్రీ పెట్టె. 'పేపర్' కాగితం, 'ఎ పేపర్' న్యూస్‌పేపరు, లేదా పరీక్ష పేపరు. 'టైమ్' సమయం, 'త్రీ టైమ్స్' మూడుసార్లు. హోటల్లో 'టూ టీస్' అంటే రెండు కప్పుల టీ. మెటీరియల్ నౌన్ అని డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఈ ఇస్త్రీ పెట్టె ఎక్కడిదో అర్థం కాదు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎలా అని టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. నేర్చుకునేవాళ్ల కోసం తయారైన మంచి ఇంగ్లిష్ డిక్షనరీల్లో నౌన్ పక్కన 'సి' అని గానీ, 'యు' అని గానీ చిన్న అక్షరం ఉంటుంది. 'సి' కౌంటబుల్, 'యు' అన్‌కౌంటబుల్. చాలామంది అర్థం చూసి పుస్తకం మూసేస్తారు, ఆ అక్షరం కంట పడదు. మా అరుగు మీద ఇప్పుడు కొత్త మాట వస్తే ముందు ఆ అక్షరం చదివి, తర్వాతే అర్థం చదవాలన్నది నియమం.

మొన్న ఆ అమ్మాయే డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని వరసగా వెతికింది. 'అడ్వైస్' దగ్గర 'యు'. 'ఫర్నిచర్' దగ్గర 'యు'. 'చికెన్' దగ్గర రెండు అక్షరాలూ కనిపించాయి. కాసేపు ఆలోచించి, "నడుస్తుంటే సి, కూరలో ఉంటే యు. కదా మేష్టారూ?" అంది.

అవునమ్మా అన్నాను. ఒడియా కుర్రాడు అప్పటికే 'ఫిష్' వెతుకుతున్నాడు.